పాత పికప్ ట్రక్కులో ఇగ్నిషన్, డిస్ట్రిబ్యూటర్ తంటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత పికప్ ఉన్నవాళ్లు తిప్పి తిప్పి అడిగేవి ఇవే, అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఇదంతా కార్బురేటర్ (గాలిలో పెట్రోల్ కలిపేది), డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ కరెంటుని సిలిండర్లకు వంతులవారీగా పంచేది) ఉన్న పెట్రోల్ బండ్ల గురించి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కే ఉండదు కాబట్టి ఆ బండి వాళ్లకు ఇందులో పనికొచ్చేది ఏమీ లేదు. ఎక్కడినుంచి చదివినా అర్థమయ్యేలా రాశాను, కాబట్టి ఒకే మాట రెండుచోట్ల కనిపిస్తే విసుక్కోకండి.

ఒక్క విన్నపం. చాలామంది కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్క్‌కి సరిపడా వోల్టేజికి పెంచేది), కండెన్సర్, క్యాప్ (డిస్ట్రిబ్యూటర్ మూత), ప్లగ్గులు అన్నీ ఒకే రోజు మార్చేసి, "అయినా అలాగే ఉంది" అంటూ వస్తారు. అప్పటికి పాత జబ్బు ఏదో, కొత్త సామాను తెచ్చిపెట్టిన జబ్బు ఏదో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చాక బండి నడిపి చూడండి.

## బండి అసలు స్టార్ట్ కానప్పుడు

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవట్లేదు. ఇది స్పార్క్ సమస్యా, పెట్రోల్ సమస్యా?

ఊహించక్కర్లేదు, అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏదో ఒక ప్లగ్ వైరు ఊడదీసి, దానికి పాత ప్లగ్గు ఒకటి తగిలించి, ప్లగ్గు ఇనుప ఒంటిని ఇంజిన్‌కి బాగా ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. టప్ టప్‌మని నీలంగా స్పార్క్ వస్తే బాగున్నట్టే. సన్నగా, పసుపు ఎరుపు కలిసినట్టు వస్తే బలం లేదని అర్థం. చేత్తో పట్టుకోవద్దు, అందులో వచ్చేది 20,000 వోల్టుల దాకా ఉంటుంది. దగ్గర్లో పెట్రోల్ కారి ఉంటే ముందు తుడిచి, ఆవిరి పోయాకే ఈ పని చేయండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దీని జోలికే పోవద్దు.

స్పార్క్ బాగుంటే పెట్రోల్ వైపు చూడండి, లేదా టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తప్పిందేమో చూడండి. స్పార్క్ లేకపోతే కాయిల్ నుంచి క్యాప్ మధ్యలోకి వెళ్లే లావుపాటి వైరుని క్యాప్ దగ్గర ఊడదీసి, దాని కొసకి అదే ప్లగ్గు పెట్టి మళ్లీ చూడండి. అక్కడ స్పార్క్ ఉంటే దొంగ క్యాప్‌లోనో, రోటర్‌లోనో (క్యాప్ లోపల తిరిగే ముక్క), ప్లగ్ వైర్లలోనో ఉన్నాడు. అక్కడా లేకపోతే కాయిల్, పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్చి), వాటికి కరెంటు తెచ్చే వైర్ల వైపు వెళ్లండి. సగం ఇంజిన్‌ని ఒక్క పరీక్షతో పక్కన పెట్టేశాం కదా. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ బండి అయితే వైరు కొసని గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొట్టొద్దు, స్పార్క్ పోయే దారి లేక మాడ్యూలో (పాయింట్ల పని చేసే ఎలక్ట్రానిక్ ముక్క) కాయిలో దెబ్బతింటుంది.

కాయిల్ దగ్గరే స్పార్క్ లేదు. కాయిల్ మార్చేయమంటారా?

ఆగండి. కాయిల్ పోవడం జనం అనుకున్నంత తరచుగా జరగదు. 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్ ఒకటి తీసుకుని, దాని క్లిప్పు ఇంజిన్‌కి పెట్టి, తాళం ఆన్ చేసి, ముందు కాయిల్ ప్లస్ మీద ముల్లు ఆనించండి. వెలగకపోతే అసలు కాయిల్‌కి కరెంటే రావట్లేదు: తాళం స్విచ్చి, ఫ్యూజు, బల్లాస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించే ముక్క), మధ్యలో వైరు చూసుకోండి.

ప్లస్ మీద వెలిగితే ముల్లు కాయిల్ మైనస్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. లైటు మిణుకు మిణుకుమంటే పాయింట్లు తమ పని చేస్తున్నాయి, అప్పుడు కాయిల్ మీదా కండెన్సర్ మీదా అనుమానం పెట్టుకోవచ్చు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవట్లేదు, లేదా మూసుకున్నా మొహాల మీద నూనె, మసి పట్టి కరెంటు దాటట్లేదు, లేదా లోపల ప్లేటు ఎర్త్ తెగింది. అసలు వెలగకపోతే పాయింట్లు తెరుచుకోవట్లేదు, లేదా మైనస్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆర్‌పీఎం మీటరు ఉన్న బండిలో దాని వైరు కూడా ఈ మైనస్‌కే వస్తుంది. మీటరు లోపల షార్ట్ అయినా స్పార్క్ చచ్చిపోతుంది. ఆ వైరు ఒక్కటి పీకి చూడండి, కొన్నిసార్లు అంతటితో కథ ముగుస్తుంది.

సెల్ఫ్ కొడుతున్నంతసేపు అందుకుంటుంది, తాళం వదలగానే టక్కున ఆగిపోతుంది. ఏంటిది?

దాదాపు ప్రతిసారీ బల్లాస్ట్ రెసిస్టర్, లేకపోతే దానికి కరెంటు ఇచ్చే తాళం స్విచ్చి. సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది కాబట్టి ఆ కాసేపు కాయిల్‌కి కరెంటు నేరుగా వెళ్లేలా చేస్తారు. తాళం వదిలాక రెసిస్టర్ గుండా వెళుతుంది. రెసిస్టర్ తెగితే రెండో దారి మూసుకుపోయినట్టే. కొన్ని బండ్లలో ఇది బయటికి కనిపించే తెల్లటి పింగాణీ ముక్క, కొన్నింటిలో వైర్ల కట్టలో కలిసిపోయిన ప్రత్యేకమైన రెసిస్టెన్స్ వైరు. దాన్ని మామూలు వైరే అనుకుని కత్తిరించి అతికించినవాళ్లని చూశాను.

రెసిస్టర్‌ని దాటేసి నేరుగా వైరు కలిపితే బండి నడుస్తుంది, ఇంటికి చేరడానికి అది చాలు. రోజూ అలాగే తిప్పితే కాయిల్ వేడెక్కి, పాయింట్లు కాలిపోతాయి.

కాయిల్ ప్లస్ మీద 7, 8 వోల్టులే చూపిస్తోంది. వైరు పాడైందా?

బల్లాస్ట్ ఉన్న బండిలో పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు అంతే చూపిస్తుంది, అది జబ్బు కాదు. పాయింట్లు తెరుచుకుంటే అదే చోట బ్యాటరీ వోల్టేజి కనిపిస్తుంది. బల్లాస్ట్ లేని బండిలో అలా చూపిస్తే మాత్రం దారిలో ఎక్కడో చిలుము పట్టిన కనెక్షన్ ఉంది.

వాన పడినా, తెల్లవారుజామున తేమ ఉన్నా స్టార్ట్ కాదు. ఎండెక్కాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది.

క్యాప్ తీసి లోపలా బయటా పొడి గుడ్డతో తుడవండి, వెలుతురులో పెట్టి తిప్పి చూడండి. ఒక కొయ్య (క్యాప్‌లో ఒక్కో వైరు కూర్చునే మొన) నుంచి ఇంకో కొయ్యకి పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే అది బీట, దాని వెంట కరెంటు పారి పారి బొగ్గైపోయింది. గోకితే పోదు, క్యాప్ మార్చాల్సిందే. గీత ఏమీ లేకపోతే ప్లగ్ వైర్ల రబ్బరు ఎండిపోయిందేమో చూడండి. రాత్రి చీకట్లో బండి స్టార్ట్ చేసి, వైర్ల మీద మంచినీళ్లు సన్నగా స్ప్రే చేయండి, కరెంటు కారే చోట నీలం మెరుపులు కనిపిస్తాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ ఫ్యాన్‌కి దూరంగా ఉండండి.

క్యాప్ తీసి సెల్ఫ్ కొడితే రోటర్ కదలట్లేదు.

స్పార్క్ సంగతి మర్చిపోండి. టైమింగ్ చెయినో బెల్టో తెగి ఉండాలి, లేదా డిస్ట్రిబ్యూటర్ కింద పళ్ల చక్రాన్ని పట్టుకునే పిన్ను విరిగి ఉండాలి. అది తేలేదాకా సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు.

## పాయింట్లు, కండెన్సర్

పాయింట్ల గ్యాప్ ఎంత పెట్టాలి? ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) చాలా, డ్వెల్ మీటర్ కావాలా?

మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే పెట్టండి, చాలా ఇంజిన్లకు అది 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. పాయింట్ల చెక్క (కామ్‌కి రాసుకునే ముక్క) కామ్ (షాఫ్ట్ మీద తిరుగుతూ పాయింట్లని తెరిచేది) ఎత్తుమీద సరిగ్గా కూర్చున్నప్పుడే కొలవాలి. కొద్దిగా పక్కకి ఉన్నప్పుడు కొలిస్తే లెక్కంతా తప్పే. ఇంజిన్‌ని చేత్తో తిప్పుకోండి, ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా తిరుగుతుంది.

కొత్త పాయింట్లకు ఫీలర్ గేజ్ చాలు. పాతవాటికి అది అబద్ధం చెబుతుంది, ఎందుకంటే ఒక మొహం మీద గుంట, ఇంకోదాని మీద గుట్ట వచ్చి ఉంటాయి, రేకు గుట్ట మీదే ఆనుతుంది. అక్కడ డ్వెల్ మీటర్ నయం. పాయింట్లు ఎన్ని డిగ్రీలు మూసుకుని ఉన్నాయో అది చెబుతుంది, నాలుగు సిలిండర్లకు 50 చుట్టుపక్కల, ఆరింటికి 38 చుట్టుపక్కల, ఎనిమిదింటికి 30 చుట్టుపక్కల ఉండటం మామూలు.

గ్యాప్ కదిలిస్తే టైమింగ్ కూడా కదులుతుంది. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకి జరుగుతుంది, తగ్గితే వెనక్కి. కాబట్టి ఎప్పుడూ గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. ఈ వరస తిరగేసి, సాయంత్రమంతా రెండింటి మధ్యా తిరిగినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

కొత్త పాయింట్లు వేసిన వారానికే నల్లగా కాలిపోయాయి. నాసిరకమా?

కావచ్చు, కానీ ముందు కండెన్సర్‌ని చూడండి. పాయింట్లు తెరుచుకునే క్షణంలో కరెంటు వాటి మధ్య దూకకుండా తనలోకి తీసుకోవడం దాని పని. అది పోతే మెరుపంతా పాయింట్ల మధ్యే పేలుతుంది, ప్లగ్గు దగ్గర బలం ఉండదు. క్యాప్ తీసి, చీకట్లో సెల్ఫ్ కొట్టించి చూస్తే పాయింట్ల దగ్గర చిన్న చుక్క మెరుపు మామూలే, టపాసులా వెలుగుతుంటే కండెన్సర్ పోయింది. దాని స్క్రూ వదులుగా ఉన్నా ఇదే జరుగుతుంది.

ఇంకో మూడు కారణాలున్నాయి. బల్లాస్ట్ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వడం. షాఫ్ట్ బుష్ (షాఫ్ట్ తిరిగే లోహపు తొడుగు) అరిగి నూనె పైకి చిమ్మడం. కామ్‌కి గ్రీజు దట్టంగా పూయడం, అది వేడికి కరిగి పాయింట్ల మీద పడుతుంది (అగ్గిపుల్ల తల అంత గ్రీజు చాలు, ప్రేమకొద్దీ పూయొద్దు). తాళం ఆన్‌లో ఉంచి, ఇంజిన్ ఆపి, గంటసేపు పాటలు వినే అలవాటు ఉంటే అదీ మానండి. ఆ సమయంలో పాయింట్లు మూసుకుని ఉంటే కరెంటు ఆగకుండా పారుతూనే ఉంటుంది.

ఎమరీ పేపర్‌తో రుద్దొచ్చా?

వద్దు. దాని గరుకు పొడి మొహాల్లో ఇరుక్కుంటుంది. పాయింట్ ఫైల్ (సన్నటి ఆకురాయి) ఉంటే రెండు సార్లు గీసి, శుభ్రమైన గట్టి కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగండి. కొత్త పాయింట్లని కూడా ఇలాగే తుడవాలి, తుప్పు పట్టకుండా వాటికి పూసిన పూత వల్లే కొత్తవి వేశాక బండి స్టార్ట్ కాకపోవచ్చు.

## నడుస్తున్నప్పుడు వచ్చే గొడవలు

ఐడ్లింగ్‌లో కొట్టుకుంటోంది, ఎక్కడో ఒక సిలిండర్ మిస్ అవుతోంది. ఏదో ఎలా పట్టుకోవాలి?

ఇంజిన్ ఆపి ఒక ప్లగ్ వైరు తీసి, ఆ వైరు కొసని ఎర్త్‌కి కలిపి, స్టార్ట్ చేయండి. చప్పుడు ఇంకా దిగజారితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. తీసినా తేడా లేకపోతే దొరికాడు. ఒక్కో వైరుకీ ఇలాగే చేయండి. తర్వాత ఆ సిలిండర్ ప్లగ్గుని పక్కదానితో మార్చండి. మిస్సింగ్ ప్లగ్గుతోపాటు జరిగితే ప్లగ్గుది తప్పు, జరగకపోతే వైరునీ, క్యాప్‌లో దాని కొయ్యనీ చూడండి. అవి కూడా బాగుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూడాలి, కాలిన వాల్వుకి కొత్త డిస్ట్రిబ్యూటర్ మందు కాదు.

వైరు తీసేటప్పుడు రబ్బరు టోపీ పట్టుకుని కొద్దిగా తిప్పి లాగండి. వైరు పట్టుకుని లాగితే లోపలి కార్బన్ దారం తెగుతుంది, పైకి ఏమీ కనిపించదు.

రేస్ ఇస్తే కార్బురేటర్‌లోంచి టపాటపా పేలుతోంది.

ఇటీవల వైర్లు తీసి పెట్టి ఉంటే రెండు వైర్లు తారుమారయ్యాయి, ముందు అది చూడండి. ఎవరూ ముట్టుకోలేదంటే క్యాప్ బీట, లేదా టైమింగ్ బాగా తప్పడం. ఇంకోటి చాలామందికి తట్టదు: ఫైరింగ్ ఆర్డర్‌లో (సిలిండర్లలో స్పార్క్ పడే వరస) వెంటవెంటనే వచ్చే రెండు సిలిండర్లు ఇంజిన్‌లో పక్కపక్కనే ఉండి, వాటి వైర్లు చాలాదూరం ఒకదానికొకటి ఆనుకుని వెళితే, ఒకదాని కరెంటు రెండోదానిలో స్పార్క్ పుట్టిస్తుంది. షెవర్లే పాత ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో 5, 7 సరిగ్గా ఇలాంటి జంట. ఆ రెండు వైర్లనీ దూరంగా పరవండి. పెట్రోల్ మిశ్రమం మరీ పలచబడినా కార్బురేటర్‌లో పేలుతుంది, అది ఇగ్నిషన్ సంగతి కాదు.

అరగంట నడిపాక ఆగిపోతోంది, చల్లారితే మళ్లీ స్టార్ట్. కాయిలా, పెట్రోల్ ఆవిరా?

ఆగిన ఆ క్షణంలో చూడాలి, చల్లారాక ఎవరికి చూపించినా బండి మంచి పిల్లలా నడుస్తుంది. అందుకే స్పార్క్ టెస్టర్ క్యాబిన్‌లోనే పెట్టుకోండి. ఆగగానే రెండు పనులు: స్పార్క్ ఉందా, కార్బురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లాగితే పెట్రోల్ చిమ్ముతోందా. స్పార్క్ లేకపోతే కాయిల్, కండెన్సర్, ఎలక్ట్రానిక్ బండిలో మాడ్యూల్ లేదా పికప్ కాయిల్ (డిస్ట్రిబ్యూటర్ లోపల మాడ్యూల్‌కి సంకేతం ఇచ్చేది). వేడికి లోపలి సన్నతీగ విడిపోయి, చల్లారాక మళ్లీ అంటుకోవడం వీటికి అలవాటే. కాయిల్ నడిచేటప్పుడు వేడెక్కడం మామూలే, వేడిగా ఉందని మార్చొద్దు. చల్లగా ఉన్నప్పుడూ, వేడిగా ఉన్నప్పుడూ రెసిస్టెన్స్ కొలిచి చూడండి. బల్లాస్ట్‌తో వాడే కాయిల్ ప్రైమరీ (ప్లస్, మైనస్‌ల మధ్య కొలిచేది) 1.5 ఓమ్‌ల దగ్గర, బల్లాస్ట్ లేనిది 3 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. ఒకదాని బదులు ఇంకోటి వేయడం కూడా ఈ జబ్బు తెస్తుంది.

గుంతలో పడితే కరెంటు పోయినట్టు ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకుంటుంది.

వదులు కనెక్షన్. ఇంజిన్ నడుస్తుండగా తాళం గుత్తిని ఊపి చూడండి, అప్పుడే ఆగితే స్విచ్చి అరిగింది (గుత్తికి పది తాళాలు వేలాడదీస్తే త్వరగా అరుగుతుంది). కాకపోతే కాయిల్ టెర్మినళ్లు, డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్న వైరు, ఇంజిన్‌ని ఛాసిస్‌తో కలిపే ఎర్త్ పట్టీ. లోపలి సన్న వైరు వ్యాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజిన్ పీల్పుతో టైమింగ్‌ని ముందుకి జరిపేది) కదిలినప్పుడల్లా ఒంగి ఒంగి, పైతొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగుతుంది. కంటితో చూస్తే తెలియదు, మెల్లగా లాగితే రబ్బరులా సాగుతుంది.

లోడుతో ఎత్తు ఎక్కుతుంటే ఇంజిన్‌లో గోలీలు దొర్లినట్టు గలగలమంటోంది.

టైమింగ్ మరీ ముందుకి ఉంది, లేదా డిస్ట్రిబ్యూటర్ లోపల వేగం పెరిగేకొద్దీ టైమింగ్‌ని ముందుకి జరిపే బరువులకి ఉండే స్ప్రింగులు సాగిపోయి అడ్వాన్స్ తొందరగా వచ్చేస్తోంది. లోడు తగ్గించి, రెండు మూడు డిగ్రీలు వెనక్కి తిప్పి చూడండి. నిర్లక్ష్యం చేస్తే పిస్టన్ కరుగుతుంది. అలాగని భయపడి మరీ వెనక్కి తిప్పితే బండి బద్ధకంగా లాగుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది.

వ్యాక్యూమ్ అడ్వాన్స్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

క్యాప్ తీసి, దాని గొట్టాన్ని కార్బురేటర్ వైపు ఊడదీసి, నోటితో పీల్చండి. లోపల ప్లేటు కదలాలి, గొట్టం కొస నాలుకతో మూస్తే ప్లేటు కదిలిన చోటే నిలవాలి. గాలి సులువుగా వచ్చేస్తుంటే డయాఫ్రమ్ (లోపలి పలచటి పొర) చిరిగింది. బరువుల అడ్వాన్స్‌కి రోటర్‌ని అది తిరిగే వైపు చేత్తో తిప్పి వదలండి, స్ప్రింగులా వెనక్కి రావాలి.

## విప్పాక, బిగించాక, టైమింగ్

డిస్ట్రిబ్యూటర్ బయటికి తీసేశాను, గుర్తు పెట్టుకోలేదు. ఇప్పుడెలా?

కంగారు పడొద్దు. ఒకటో నంబరు ప్లగ్గు తీసి, ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంజిన్‌ని అది తిరిగే వైపే మెల్లగా తిప్పండి. గాలి వేలిని బయటికి నెట్టినప్పుడు అది కంప్రెషన్, అక్కడినుంచి పుల్లీ మీది గుర్తుని సున్నా దగ్గరికి తెచ్చి ఆపండి. గుర్తు ఒక్కటే చూసి వేలు పెట్టకపోతే సగానికి సగం అవకాశం తప్పే, ఎందుకంటే క్రాంకు (పుల్లీని తిప్పే ఇంజిన్ ప్రధాన ఇరుసు) రెండుసార్లు తిరిగితే డిస్ట్రిబ్యూటర్ ఒక్కసారే తిరుగుతుంది. కాలిన పొగని బయటికి నెడుతూ పిస్టన్ పైకి వచ్చినప్పుడూ గుర్తు అక్కడే ఉంటుంది. "180 డిగ్రీలు తప్పింది" అని మెకానిక్కులు అనేది ఇదే.

ఇప్పుడు రోటర్ మూతి క్యాప్‌లో ఒకటో నంబరు వైరు కొయ్య వైపు ఉండేలా దింపండి. పళ్లు ఏటవాలుగా ఉండే చక్రం కాబట్టి దిగుతూ రోటర్ కొంచెం తిరుగుతుంది, ఆ మేరకు ముందే వెనక్కి పట్టుకుని దింపాలి.

చివరి పావు అంగుళం కిందికి దిగట్లేదు, బోల్టుతో బిగించి లాగొచ్చా?

అస్సలు వద్దు. చాలా ఇంజిన్లలో డిస్ట్రిబ్యూటర్ షాఫ్టే ఆయిల్ పంపుని తిప్పుతుంది, కింద ఆ రెండూ కలవలేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ దింపి పంపు గాడిని కొద్దిగా తిప్పి మళ్లీ ప్రయత్నించండి. బలవంతంగా బిగిస్తే ఏదో ఒకటి విరుగుతుంది.

వైర్లు ఏ వరసలో పెట్టాలి?

ఫైరింగ్ ఆర్డర్ సాధారణంగా ఇంజిన్ మీదే పోతపోసి ఉంటుంది, మాన్యువల్‌లోనూ ఉంటుంది. నాలుగు సిలిండర్లకు ఎక్కువగా 1-3-4-2, వరసగా ఉన్న ఆరింటికి 1-5-3-6-2-4. ఎనిమిది సిలిండర్ల వాటిలో ఒకే కంపెనీ ఇంజిన్లలోనే తేడాలుంటాయి: ఫోర్డ్ పాత 302కి 1-5-4-2-6-3-7-8 అయితే, 351 విండ్సర్‌కి 1-3-7-2-6-5-4-8. రోటర్ ఏ వైపు తిరుగుతుందో చూసి, ఆ వైపే లెక్కపెట్టండి. అన్నీ ఒకేసారి పీకొద్దు, ఒక్కొక్కటి తీసి ఒక్కొక్కటి పెట్టండి.

టైమింగ్ లైట్ (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసే లైటు) పెడితే పుల్లీ మీది గుర్తు ఒకచోట నిలవకుండా ఎగురుతోంది.

డిస్ట్రిబ్యూటర్ బుష్ అరిగి ఉండొచ్చు, లేదా టైమింగ్ చెయిన్ సాగి ఉండొచ్చు. రోటర్ దగ్గర షాఫ్ట్ పట్టుకుని పక్కలకి ఊపండి, కదలిక చేతికి స్పష్టంగా తెలిస్తే బుష్ పోయింది, అలాంటిదాంట్లో పాయింట్ల గ్యాప్ ఎన్నిసార్లు పెట్టినా నిలవదు. బుష్ బాగుంటే పుల్లీని అటూ ఇటూ తిప్పుతూ రోటర్‌ని చూడండి. పుల్లీ తిరిగాక రోటర్ బాగా ఆలస్యంగా కదిలితే చెయిన్.

లైట్ పెట్టే ముందు వ్యాక్యూమ్ గొట్టం తీసి కొస మూయడం మర్చిపోవద్దు. ఇంకోటి, పాత ఇంజిన్ల పుల్లీకి రెండు ఇనుప వలయాల మధ్య రబ్బరు ఉంటే, అది వదిలేసి బయటి వలయం జారిపోయి ఉండొచ్చు. అప్పుడు గుర్తే తప్పు, మీరెంత సరిగ్గా పెట్టినా బండి తప్పుగానే నడుస్తుంది.

కొత్త క్యాప్, కొత్త రోటర్ వేశాకే అసలు స్టార్ట్ కావడం మానేసింది!

నాకూ జరిగింది. రెండు సాయంత్రాలు కాయిల్‌నీ పాయింట్లనీ తిట్టుకున్నాక చూస్తే, కొత్త క్యాప్ మధ్యలో ఉండాల్సిన కార్బన్ ముక్కే లేదు. డబ్బాలోంచి తీసేటప్పుడు ఊడిందో, అసలు పెట్టలేదో. అది రోటర్ మీది రేకుకి ఆనకపోతే కరెంటుకి దారే లేదు. రోటర్ ఎత్తు పాతదానితో పక్కపక్కన పెట్టి పోల్చండి, పాత సామాను పారేయకుండా బండి నడిచేదాకా ఉంచండి.

## ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్

పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్ వేసుకోమంటారా?

రోజూ నడిపే బండి అయితే వేసుకోండి. అరిగేది ఉండదు, గ్యాప్ మారదు. పాయింట్ల పద్ధతి అమెరికా ఇంజనీరు చార్లెస్ కెట్టరింగ్ 1910 ప్రాంతంలో తెచ్చింది, అరవై ఏళ్లు లోకమంతా దానిమీదే తిరిగింది, కాబట్టి అది చెడ్డదని కాదు. పాయింట్లు పోయేముందు సూచన ఇస్తాయి, దారిపక్కన స్క్రూడ్రైవర్‌తో సర్దుకోవచ్చు. మాడ్యూల్ చెప్పకుండా పోతుంది. బుష్ అరిగిన డిస్ట్రిబ్యూటర్‌లో కిట్ వేసి బాగుపడుతుందని మాత్రం ఆశపడొద్దు.

కిట్ పెట్టాక తాళం తీసినా ఇంజిన్ ఆగట్లేదు.

ఆల్టర్నేటర్ హెచ్చరిక దీపం వైరు గుండా కొద్దిపాటి కరెంటు వెనక్కి వచ్చి కిట్‌ని బతికిస్తోంది. ఆ దీపం వైరులో సరైన వైపు తిప్పి ఒక డయోడు పెడితే ఆగుతుంది. తాళం తీశాక దడదడలాడుతూ, కుదుపులతో తిరుగుతుంటే అది వేరు, అప్పుడు స్పార్క్ లేకుండానే లోపలి మసి వేడికి పెట్రోల్ అంటుకుంటోంది.

బండిలో స్పేర్ ఏమేం ఉంచుకోవాలి?

పాయింట్ల బండికి: పాయింట్లు ఒక జత, ఇదివరకు బండిలో వేసి నడిపి చూసిన కండెన్సర్, రోటర్, ఫీలర్ గేజ్, టెస్ట్ ల్యాంప్. ఎలక్ట్రానిక్ అయితే మాడ్యూల్ ఒకటి. డిస్ట్రిబ్యూటర్‌లోనే కూర్చునే రకమైతే దాని అడుగున పూసే పేస్టు కూడా ఉంచండి, అది పూయకుండా బిగిస్తే వేడి బయటికి పోక కొత్త మాడ్యూల్ కూడా త్వరలోనే చస్తుంది.